మూడు కంప్యూటర్లు, ఒక ఏడుపు పాట

బాన్సువాడ బస్టాండు వెనక వీధిలో నా మాటను సగానికి కోసి నమ్ముతారు. ఆ సంగతి నాకూ తెలుసు కనుక నేను ముందే రెట్టింపు చేసి చెబుతాను. లెక్క సరిపోతుంది.

అక్కడ నాదొక చిన్న దుకాణం. పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, జిరాక్సు, ఆన్‌లైన్ పనులు. లోపల పాత విండోస్ కంప్యూటర్ ఒకటి ఉంది. ఎంత పాతదైనా దాన్ని మార్చబుద్ధి కాదు. పెళ్లికార్డులకు వాడే పాత తెలుగు అక్షరాలు, నా ప్రింటర్, ఫ్లెక్సీ మిషన్, అన్నీ దానికే అలవాటు పడ్డాయి. విండోస్ గొప్పతనం అదే. ఏ వస్తువు తెచ్చి తగిలించినా కాదనదు. ఏ వీధిలో అడిగినా దాన్ని బాగుచేసే మనిషి దొరుకుతాడు. దాని జబ్బు కూడా ఆ మంచితనమే. ఎవరి పెన్‌డ్రైవ్ గుచ్చినా వాళ్లింటి రోగమంతా ఎక్కించుకుంటుంది. పైగా పని మధ్యలో తనను తాను సరిచేసుకుంటానని మొరాయించి కూర్చుంటుంది. ఒకసారి అలా కూర్చుంటే, నేను సగం కొట్టిన పెళ్లికార్డు మళ్లీ తెర మీదికి వచ్చేసరికి ఆ జంట తమ బిడ్డ తొట్టెల ఫంక్షన్‌కు కార్డు కొట్టించడానికి వచ్చింది. ఇందులో కోసుకోవాల్సింది మీరే కోసుకోండి.

మా బావది లినక్స్ పక్షం. మా అక్క భర్త, సర్కారు బడిలో పంతులు. పైసా పెట్టక్కర్లేదు, వైరస్ దరిదాపులకు రాదు, ఎవరో పారేసిన ల్యాప్‌టాప్‌లో కూడా గుర్రంలా పరిగెడుతుంది అంటాడు. అబద్ధం కాదు. ఆయన ల్యాప్‌టాప్ మూత ఒక పక్క ఊడిపోయి రబ్బరు బ్యాండు మీద నిలబడి ఉంటుంది, అయినా పరిగెడుతుంది. కానీ నా ప్రింటర్‌ను దానికి తగిలించిన రోజు ఆయన పొద్దున్నే కూర్చుని, నల్లతెర మీద ఏవో మంత్రాలు కొడుతూ, మా అక్క అన్నం డబ్బా ఇక్కడికే పంపేదాకా లేవలేదు. చివరికి ఒక కాగితం బయటికి వచ్చింది. దాని మీద ఏమీ లేదు.

"కాగితమైతే వచ్చింది గదా మరదలా," అన్నాడు.

పక్కనున్న ఫోటో స్టూడియో అతనిది మ్యాక్. నన్ను వదినా అంటాడు. పెళ్లి వీడియోల పని దాని మీద వెన్నలా సాగుతుంది. చీర ఏ రంగుదో తెరమీద ఆ రంగే కనిపిస్తుంది. కరెంటు పోయినా దాని బ్యాటరీ పూటంతా ఓర్చుకుంటుంది. అయితే దాని ధర చెప్పేటప్పుడు అతను గొంతు తగ్గిస్తాడు. దానికి చిన్న జ్వరం వచ్చినా హైదరాబాద్ తీసుకుపోవాలి, ఊళ్లో దాన్ని ముట్టుకునే మొనగాడు లేడు. విండోస్ వాళ్ల డిస్కు ఇస్తే చదువుతుంది గానీ అందులో ఒక్క ముక్క రాయదు, ఇంటికొచ్చి పీట మీద కూర్చుని మంచినీళ్లు కూడా ముట్టని చుట్టంలా.

ఆదివారాలు వీళ్లిద్దరూ నా దుకాణంలో చేరి ఎవరిది గొప్పో తేల్చుకుంటారు. ఇప్పటిదాకా తేలలేదు. ఆ ఆదివారం మధ్యాహ్నం కూడా వాదన మంచి పాకంలో ఉండగా ఆమె లోపలికి వచ్చింది.

నాకంటే కాస్త పెద్దది. తండా నుంచి ఆటోలో రోడ్డు దాకా, అక్కడినుంచి బస్సులో వచ్చిందట. చేతులకు పసుపు అంటి ఉంది. కొంగున కట్టిన ముడి విప్పి, అరచేతిలో పట్టే నల్లటి హార్డ్ డిస్కును బల్ల మీద పెట్టింది. దానికి ఎర్రదారం చుట్టి ఉంది.

"చెల్లె, గిది జర సూడు. రేపు నా బిడ్డ పెండ్లి. దీన్ల మా యాడి ఉన్నది."

యాడి అంటే వాళ్ల లంబాడీ భాషలో తల్లి. మిగతాది ఆమె నిలబడే చెప్పింది, కుర్చీ చూపించినా కూర్చోలేదు. వాళ్లలో పెళ్లికూతురు అత్తవారింటికి కదిలేటప్పుడు తల్లిని వాటేసుకుని ఏడుస్తూ పాడుతుంది. తల్లి కూడా ఏడుస్తూ, పాటలోనే జవాబు చెబుతుంది. వాళ్లింట్లో ఆ జవాబు అమ్మమ్మ నుంచి తల్లికి వచ్చింది. తల్లి నుంచి ఈమెకు పూర్తిగా రాకముందే తల్లి పోయింది. పాట మొదటి భాగం మాత్రమే ఈమెకు తెలుసు. తండాలో ఉన్న పెద్దవాళ్లకు వాళ్ల వాళ్ల ఇళ్ల పాటలే వచ్చు. తల్లి మొత్తం పాడింది ఈమె చెల్లెలి పెళ్లిలో, ఆ పెళ్లి వీడియోలో ఉంది. సీడీలు గీతలు పడతాయని తమ్ముడు ఆ వీడియోను ఈ డిస్కులో వేయించి, సీడీలు పారేశాడు. చెల్లెలి ఇంట్లో ఉన్నవి ఎప్పుడో పిల్లల ఆటలకు పోయాయి.

"నా బిడ్డ డీజే వద్దంటుంది. అమ్మమ్మ పాటనే కావాలె అంటుంది. అది పాడుతది, నేను జవాబు చెప్పాలె. సగంల ఆగిపోతే ఎట్ల చెల్లె? అందరి ముంగట నా బిడ్డను నోరు తెరుసుకొని సాగనంపాల్నా?"

"ఇంట్ల టీవీకి పెట్టి సూసిన్రా?" అని అడిగాను.

"పెట్టినం. పోయినేడు వచ్చింది. ఇప్పుడు వస్తలేదు. జర జల్ది సూడు, పొద్దుగూకక ముందే పిల్లకు నలుగు పెట్టాలె. నేను పోకుంటే ఎవ్వలు పెడ్తరు?"

డిస్కును నా కంప్యూటర్‌కు తగిలించాను. టుడుం అని, వచ్చానన్నట్టు మోగింది. వెంటనే దుడుం అని, పోయానన్నట్టు మోగింది. మళ్లీ టుడుం. మళ్లీ దుడుం. తలుపు దగ్గర నిలబడి రావాలా వద్దా అని ఊగిసలాడే మనిషిలా ఉంది. చివరికి తెర మీద ఒక డబ్బా తెరుచుకుంది.

"ఏమంటుంది చెల్లె?"

"ఈ డిస్కును వాడాలంటే ముంగట ఫార్మాట్ చెయ్యాలె, చెయ్యమంటవా అంటుంది."

"చెయ్యమను! మా తండల పిలగాడు గూడ గదే చెప్పిండు, ఫార్మాట్ కొడితే మంచిగైతదని."

అంటూనే ఆమె వంగి, పసుపు వేలుతో ఎంటర్ మీట నొక్కబోయింది. నేను ఆమె మణికట్టు పట్టుకున్నాను. గాజులు నా వేళ్ల కింద కరకరమన్నాయి.

"అక్కా! అది నొక్కితే మీ యాడి పోతది."

ఆమె చెయ్యి అక్కడే గాల్లో ఆగిపోయింది. ఆమె తప్పేం లేదు. మా దిక్కున ఏ జ్వరమొచ్చినా గ్లూకోజ్ ఎక్కించినట్టు, ఏ కంప్యూటర్ కుంటినా ఫార్మాట్ కొట్టమనడం అందరికీ అలవాటు. కంప్యూటర్ లేస్తుంది. అందులో ఉన్నవాళ్లు లేవరు.

నేను మెల్లగా ఆ డబ్బాను మూసి వైరు పీకాను.

"గదే నేను నెత్తి నోరు కొట్టుకునేది," అన్నాడు బావ. "తాళం తెరుసుకోకుంటే ఇల్లు కూలగొడ్దామా అంటది నీ విండోస్."

"సార్, జర ఆగున్రి. నా దాని మీద సూద్దాం," అని స్టూడియో అతను పక్కకు పరిగెత్తి మ్యాక్ తెచ్చాడు.

అది చాలాసేపు ఏమీ అనలేదు. దాని పద్ధతే అంత, లోపల ఏం జరుగుతుందో బయటికి పొక్కనివ్వదు. మేం నలుగురం ఆ తెల్లటి తెరను చూస్తూ నిలబడ్డాం. తర్వాత అక్కడా ఒక చిన్న డబ్బా లేచింది. స్టూడియో అతను దాన్ని చదివి మెడ గోక్కున్నాడు.

"ఇనిషియలైజ్ చేస్తవా అంటుంది వదినా."

"అంటే?"

"అంటే... గదే. ఫార్మాటే. జర మర్యాదగ అడుగుతుంది."

"గొడ్డలికి పట్టుగుడ్డ సుట్టిన్రన్నట్టు," అన్నాడు బావ.

ఆమె మా ముఖాలను ఒక్కొక్కటిగా చూసింది. "ఏది పెట్టినా మా యాడిని తీసేస్తమనే అంటున్నయా?"

బావ నవ్వు సగంలో ఆగిపోయింది. తన ల్యాప్‌టాప్ మూతకు రబ్బరు బ్యాండు సర్దుకుంటూ మ్యాక్‌ను పక్కకు జరిపాడు.

లినక్స్ డబ్బాలు చూపించలేదు. నల్లతెర మీద తెల్ల అక్షరాల వరుసలు పైనుంచి కిందికి దొర్లసాగాయి. ఒకటి కేకలేసింది, ఒకటి నోరు విప్పలేదు, ఇదేమో కల్లు కాంపౌండు దగ్గర కూర్చున్న ముసలాయనలా ఉన్నదంతా కక్కేస్తోంది. కానీ దాని మాట అర్థమయ్యేది ఆ గదిలో ఒక్కరికే. ఆయన కళ్లద్దాలు పైకి నెట్టి, పెదవులు కదుపుతూ చదువుతున్నాడు. నేను ఆయన ముఖం చదువుతున్నాను.

"ఏమైంది బావ? ఉన్నదా, పోయిందా?"

"ఆగు."

"ఒక్క మాట చెప్పరాదు!"

"ఆగుమంటే ఆగవేంది!" ఆయన వేలితో ఒక వరుస మీద ఆగాడు. "ఇది డిస్క్ పాడైందని అంటలేదు మరదలా. నీ పేరేందని అడుగుతుంది, అది పేరు చెప్పవట్టె, మాట మధ్యల తెగుతుంది. మళ్ల అడుగుతుంది, మళ్ల తెగుతుంది."

ఆయన డిస్కును ఎత్తి చెవికి ఆనించుకున్నాడు. ఫ్యాను చప్పుడు అడ్డం వస్తుందని నేను స్విచ్ ఆపాను.

"లోపల తిరుగుతుంది. సప్పుడు సాఫుగనే ఉన్నది. దారిలనే ఏదో అడ్డముంది."

ఎర్రదారం విప్పి, వైరు దూర్చే సందులోకి ఫోను లైటు వేసి చూశాను. లోపల పసుపూ ఎరుపూ కలిసి గట్టిపడిన ముద్ద.

"అక్కా, దీనికి పూజ చేస్తరా?"

"చెయ్యమా మరి? యాడి గొంతు ఉన్నది గదా. దసరాకు దసరాకు పసుపు, కుంకుమ, కొబ్బరినీళ్లు. యాడి ఫోటో పక్కకే పెడ్తం."

"గీ సందుల సుత పెట్టిండ్రా?"

"అది నోరు గదా చెల్లె. దేవునికైనా నోటి కాడనే గద పెడ్తం."

స్టూడియో అతని భుజాలు కదలడం చూసి నేను అతని వైపు ఒక్క చూపు చూశాను. అతను గోడవైపు తిరిగాడు. ఆయుధ పూజ నాడు నా కంప్యూటర్‌కూ బొట్టు పెడతాను. దాని నోరు వెనకవైపుంది కనుక బతికిపోయింది.

ప్రింటర్ తుడిచే సన్న కుంచె తీసుకున్నాను. దాన్ని స్పిరిట్‌లో ముంచి, ఆ సందులోంచి ముద్దను కొద్దికొద్దిగా కరిగించి బయటికి లాగడం మొదలుపెట్టాను. లోపల పళ్లలాంటి సన్న రేకులు. ఒక్కటి వంగినా అంతే సంగతి. స్టూడియో అతను లైటు పట్టుకున్నాడు. ఆమె నా భుజం మీదుగా చూస్తోంది, ఆమె ఊపిరి నా మెడకు తగులుతోంది. నేను అంతసేపు మాట్లాడకుండా ఉండటం మా అక్క పెళ్లైన నాటినుంచి చూడలేదని బావ తర్వాత అందరికీ చెప్పుకున్నాడు.

మళ్లీ తగిలించాం. నల్లతెర మీద వరుసలు దొర్లి ఆగాయి. డిస్కు పేరు కనిపించింది, దాని కింద ఫైలు కూడా. ఆమెకు చూపిద్దామని వైరు మీదినుంచి చెయ్యి తీశాను. పేరు మాయమైంది. బొటనవేలితో వైరు కొసను పైకి ఒత్తితే మళ్లీ వచ్చింది.

"గట్లనే పట్టుకో," అన్నాడు బావ. "ఊపిరి గూడ మెల్లగ తీసుకో."

"బావ, నా దాంట్లకు తీద్దాం. ఎంతయ్యిందో పచ్చగీత కనబడ్తది."

"నీ విండోస్‌కు బాటల ఒక్క రాయి తగిలితే బండి ఆపి, ఏం జెయ్యమంటవని అడుగుతది. తమ్ముడి మ్యాక్‌దీ గదే తీరు. నాది రాయిని వదిలిపెట్టి ముందుకు పోతది, మళ్ల వెనక్కొచ్చి గా రాయి సంగతి సూస్తది. డిస్కు ఇంకొకసారి నోరు తెరుస్తదో లేదో మనకు తెలుసా?"

కాపీ మొదలైంది. తెర మీద పచ్చగీత లేదు, పిల్లిమొగ్గలు వేసే అంకెలు మాత్రమే. ఎంత వచ్చిందో, ఎంత మిగిలిందో నాకు తెలియదు. నా బొటనవేలు వైరు మీద, నా కళ్లు బావ ముఖం మీద.

అప్పుడే ఆమె బల్లకు ఆనుకుని ఏడవడం మొదలుపెట్టింది. శబ్దం లేదు, భుజాలు మాత్రం ఎగసిపడుతున్నాయి. నా బల్లకు ఒక కాలు పొట్టి. కింద అట్టముక్క పెట్టి నెట్టుకొస్తున్నాను. అది ఊగుతోంది. బల్లతో డిస్కు, డిస్కుతో వైరు.

"మరదలా," అన్నాడు బావ పళ్ల మధ్యనుంచి.

"అక్కా, జర గా కుర్సీల కూసో. నీకొక ముచ్చట చెప్త. మద్నూర్ వైరస్ సంగతి నీకు తెలుసా?"

ఆమె ముక్కు తుడుచుకుని తల ఊపింది, తెలియదని. బల్ల వదిలి కుర్చీలో కూర్చుంది.

"మద్నూర్ నుంచి ఒకాయన పెన్‌డ్రైవ్ తెచ్చి నా కంప్యూటర్‌ల గుచ్చిండు. దాన్ల వైరస్ ఉన్నది. నేనేమో తెలుగుల తిడుతున్న, అది కదుల్తలేదు. ఇగ సూస్తే దానికి తెలుగు రాదు అక్కా, ఒట్టి మరాఠీ! సరిహద్దు ఊరిది గదా! మరి నాకు మరాఠీ ఏడికెళ్లి వస్తది? రోడ్డు మీదికి ఉరికి ఒక నాందేడ్ లారీని ఆపిన. డ్రైవరన్నను పిలుచుకొచ్చి దీని ముంగట నిలవెట్టిన. ఆయన మీసం దువ్వి, వాళ్ల భాషల ఒక తిట్టు తిట్టిండు."

"పోయిందా?"

"పోకేం జేస్తది! బయటికొచ్చి, గా డ్రైవరన్న పక్క సీట్ల కూసోని నాందేడ్ పోయింది. బీడీ గూడ అడిగిందట తొవ్వల."

"ఉత్తదే!" అంది ఆమె. కళ్లలో నీళ్లు ఉన్నాయి గానీ భుజాలు ఎగసిపడటం ఆగింది. బల్ల కూడా ఆగింది.

"నువ్వు మాత్రం నవ్వకు మరదలా," అన్నాడు బావ తెర మీదినుంచి కళ్లు తిప్పకుండా. "వేలు కదుల్తది."

వేలు కదలడం మాట అటుంచి, అది నాదో కాదో కూడా తెలియడం మానేసింది. మోచేయి దాకా తిమ్మిరి. ఇంకో ముచ్చట ఎత్తుకుందామని నోరు తెరిచాను. కరెంటు పోయింది.

జిరాక్స్ మిషన్ మీద ఎర్రబల్బు ఆరిపోయింది. నా పాత కంప్యూటర్ ఇన్వర్టర్ మీద వెలుగుతూనే ఉంది. బావ ల్యాప్‌టాప్ చార్జర్ మాత్రం గోడ బోర్డులో ఉంది.

"బ్యాటరీ ఎంతసేపు ఆగుతది బావ?"

"పేరుకే ఉన్నది."

ఆయన లినక్స్ ఎంత పాత మిషన్‌నైనా నడిపిస్తుంది, నిజమే. ఆ పాత మిషన్లకు పాత బ్యాటరీలే ఉంటాయన్న సంగతి ఆయన ఏ ఆదివారమూ చెప్పలేదు. తెర వెలుగు తగ్గింది. ఆమె కుర్చీలోంచి లేవబోయి, బల్లను చూసి మళ్లీ కూర్చుండిపోయింది. రెండు చేతులతో కుర్చీ అంచు పట్టుకుంది.

స్టూడియో అతను చార్జర్‌ను గోడ బోర్డునుంచి పీకి పట్టుకుని, నేల మీద పడుకుని బల్ల కిందికి పాకాడు. బల్లకు తగలకుండా, అట్టముక్క కదలకుండా, పాములా. "వదినా, ఇన్వర్టర్ ప్లగ్గుల నీ కంప్యూటర్ ఉన్నది. తియ్యాల్నా?"

దాంట్లో నేను పొద్దుటినుంచి చేసిన ఫ్లెక్సీ ఉంది, సేవ్ చేయలేదు.

"పీకు!"

నా కంప్యూటర్ టప్పున ఆరిపోయింది. బల్ల కింద చీకట్లో అతను సందు వెతుక్కుంటున్న గీకుడు వినిపిస్తోంది. ల్యాప్‌టాప్ తెర మరోసారి మసకబారింది. బావ రెండు చేతులూ దాని రెండు పక్కలా పెట్టాడు, పడిపోయేవాణ్ని పట్టుకున్నట్టు.

కింద టక్‌మని చప్పుడైంది. తెర తెల్లగా వెలిగింది. అంకెలు ఇంకా పిల్లిమొగ్గలు వేస్తూనే ఉన్నాయి.

ఒకచోట అవి ఆగాయి. "రాయి తగిలింది," అన్నాడు బావ. మేం ఎదురు చూశాం. బయట బస్టాండులో ఎవరో బోధన్, బోధన్ అని అరుస్తున్నారు. "దాటింది." కాసేపటికి ఇంకో రాయి. అదీ దాటింది. ఆ తర్వాత ఆయన కళ్లద్దాలు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు.

"ఇగ తియ్యి మరదలా. అయిపోయింది."

తీయలేకపోయాను. స్టూడియో అతను నా వేలిని వైరు మీదినుంచి ఊడదీశాడు.

కరెంటు ఇంకా రాలేదు కనుక ఫైలును పెన్‌డ్రైవ్‌లో వేసి మ్యాక్‌లో పెట్టాం. బొమ్మ తేటగా, నీళ్లలా వచ్చింది. ఆమె కుర్చీని ముందుకు లాక్కుంది. గులాబీ రేకులు రాలాయి, బంగారు అక్షరాలు గిరగిరా తిరిగి వచ్చి నిలబడ్డాయి, ఒక నెమలి పురి విప్పింది. ఆ నెమలిని చూసి స్టూడియో అతను తెరకు దగ్గరగా వంగాడు. ఆమెకు ఆ ధ్యాస లేదు. "ముంగటికి పో తమ్మీ, ముంగటికి పో. ఆ, ఆ. గా పందిరి కాడ."

పందిరి ముందు పెళ్లికూతురు తల్లి మెడ పట్టుకుని వేలాడుతోంది. కెమెరా తల్లి ముఖానికి దగ్గరగా జరిగింది. చేతినిండా తెల్లగాజులు, ముడతల ముఖం, తడిసిన బుగ్గలు. ఆమె నోరు తెరిచింది.

డోలు, వేణువు, పెద్ద గొంతుతో ఒక సినిమా పాట మోగింది.

"ఇదేంది?" అంది ఆమె. "యాడి గొంతేది?"

తెర మీద తల్లి నోరు కదులుతోంది, అందులోంచి ఎవరో సినిమావాళ్లు పాడుతున్నారు.

"పోయినేడు ఇన్నప్పుడు ఉన్నదా అక్కా?" అని అడిగాను.

"మా ఇంట్ల టీవీకి సప్పుడే రాదు చెల్లె, ఖరాబైంది. బొమ్మనే సూసుకుంట ఏడుస్తుంటిమి. ఇక్కడ పెద్ద మిషన్ల పెడితే ఇనొచ్చనుకున్న."

స్టూడియో అతను ఆమె వైపు చూడలేక నన్ను చూశాడు. "ఇది నేనే చేసిన వదినా. గా నెమలి నాదే. పెండ్లికొడుకు తరఫోళ్లు వచ్చి, ఏడుపులు ఇనబుద్ధి కాదు, మంచి పాట పెట్టుమన్నరు. అప్పుడు అందరికీ గట్లనే పెడుతుంటి."

"మరి అసలుది? కెమెరాల పడ్డది?" అన్నాడు బావ.

"అది దాసిన నా డిస్కు నిండినంక ఫార్మాట్ కొట్టి ఇంకో పెండ్లికి వాడిన సార్."

పాట అడుగున తల్లి గొంతు ఎక్కడైనా మిగిలిందేమోనని బావ చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విన్నాడు. లేదన్నట్టు తల ఆడించి, వాటిని తీసి బల్ల మీద పెట్టాడు. అంతే. నా దగ్గర ఎన్నో ముచ్చట్లు ఉన్నాయి, ఆ పూటకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. ఆమె ఏడవనూ లేదు. తెర వైపే చూస్తోంది.

"గా పాట బంద్ చెయ్యి తమ్మీ."

అతను ఆ పాట గొంతు నొక్కేశాడు.

"మళ్ల యాడి నోరు తెరిసే కాడికి పో. మెల్లగ నడుపు. ఇంకా మెల్లగ."

తల్లి ముఖం నీళ్ల అడుగున ఉన్నట్టు నెమ్మదిగా కదిలింది. ఆమె ముందుకు వంగింది. తల్లి పెదవులు విచ్చుకున్నాయి, కలిశాయి, గుండ్రమయ్యాయి. ఆమె పెదవులు కూడా విచ్చుకున్నాయి, కలిశాయి, గుండ్రమయ్యాయి. మొదట్లో వచ్చింది ఆమెకు తెలిసిన భాగమే. అది అయిపోయిన చోట ఆగింది. "వెనక్కి పో." అతను పోయాడు. "ఇంకోపాలి." తల్లి పెదవులను చూస్తూ ఏదో గొణిగింది, కాదన్నట్టు తల ఆడించింది, ఇంకోలా గొణిగింది. హఠాత్తుగా చేత్తో తొడ మీద చరుచుకుంది. "ఆవులు! పాకల ఆవులను అడుగుతుంది, నా బిడ్డ రేపు కనబడకుంటే మీరు మేత ముడుతరా అని!"

ఆ తర్వాత ఒక్కొక్క మాటే వచ్చింది. ప్రతి మాటకూ వెనక్కి, మెల్లగా, మళ్లీ. మాకు ఆ భాష తెలియదు. రెండు నోళ్లు ఒకేసారి తెరుచుకోవడం, మూసుకోవడం మాత్రం కనిపిస్తోంది. స్టూడియో అతని వేలు ఆమె చెప్పకముందే వెనక్కి వెళుతోంది.

అలా వెళ్తూ వెళ్తూ ఒకచోట తెర మూలనుంచి ఎర్రటి హృదయం బొమ్మ ఒకటి ఎగిరి వచ్చింది, ఇంకో మూలనుంచి ఇంకొకటి. రెండూ తల్లి నోటి మీద కలుసుకుని మెరిశాయి.

"గది పక్కకు జరుపు తమ్మీ."

"జరగది అక్కా. అండ్లనే కలిసిపోయింది." అతను మీట మీదినుంచి వేలు తీశాడు. "నేనే పెట్టిన."

ఆమె వెనక్కి తిప్పించింది. మళ్లీ హృదయం. మళ్లీ తిప్పించింది. అది తొలగేసరికి తల్లి తర్వాతి మాటలో ఉంది. బయట ఎండ మెట్ల మీదినుంచి దిగిపోయింది. ఆమె ఒకసారి అటు చూసింది, తండాకు వెళ్లే దారిలో చివరి ఆటోలు ఎప్పుడు ఆగిపోతాయో ఆమెకు తెలుసు.

"మొదటికెళ్లి పెట్టు. ఆపకు."

ఈసారి ఆమె గొంతెత్తి పాడింది. పందిరి, తల్లి, ఆవులు. హృదయాలు ఎగిరి వచ్చాయి. ఆమె ఆగలేదు. అవి తల్లి నోటిని కప్పి ఉంచినంతసేపూ పాడుతూనే ఉంది. అవి తొలగేసరికి తల్లి పెదవులూ ఈమె పెదవులూ ఒకే మాట మీద ఉన్నాయి. అక్కడినుంచి చివరిదాకా ఇద్దరూ కలిసే వెళ్లారు.

"అక్కా, గా ఎర్రబొమ్మ వచ్చిన కాడ యాడి ఏమన్నది?" అని అడిగాను.

"తెల్వది చెల్లె. గక్కడ నా మాట నేను అన్న."

డిస్కును కొంగున ముడేసుకుంది. మెట్లు దిగుతూ పాటను మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది, ఈసారి తెర లేకుండా.